హైదరాబాద్ నుంచి దుబాయ్: ఎంత దూరం, ఎంత సేపు? తరచుగా అడిగే ప్రశ్నలు

మా అన్నయ్య దుబాయ్ వెళ్ళి పదకొండేళ్ళయింది. అప్పటి నుంచి జగిత్యాల వైపు మా చుట్టాలకీ, వాళ్ళ చుట్టాలకీ టికెట్లు చూసిపెట్టే పని నాకు అంటుకుంది. అడిగే మనుషులు మారుతుంటారు గానీ ప్రశ్నలు మాత్రం అవే. ఫోన్‌లో చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టి, ఇక రాసి పెట్టేశాను. ఏ ప్రశ్న దగ్గర ఆ జవాబు పూర్తిగా ఉంటుంది. మొదటి నుంచీ చదవక్కర్లేదు, మీకు కావలసింది వెతుక్కోండి.

## టికెట్ కొనే ముందు

హైదరాబాద్ నుంచి దుబాయ్ ఎన్ని కిలోమీటర్లు?

శంషాబాద్ విమానాశ్రయం నుంచి దుబాయ్ అంతర్జాతీయ విమానాశ్రయానికి గాల్లో నేరుగా కొలిస్తే సుమారు 2,550 కిలోమీటర్లు. మైళ్ళలో దాదాపు 1,580. ఇంకా తేలిగ్గా చెప్పాలంటే, హైదరాబాద్ నుంచి ఢిల్లీకి గాలి దూరం 1,270 కిలోమీటర్ల దాకా ఉంటుంది. దుబాయ్ అంటే రెండు ఢిల్లీలు. సింగపూర్ ఇంతకంటే దూరం, 3,300 పైమాటే. అందుకే మా ఊళ్ళో దుబాయ్‌ని ‘పక్కూరు’ అన్నట్టు మాట్లాడతారు. అది మరీ అంత అబద్ధమేమీ కాదు.

ఒక్కో వెబ్‌సైట్‌లో ఒక్కో దూరం చూపిస్తోంది. ఏది నిజం?

అన్నీ నిజమే, కొలిచే పద్ధతులు వేరు. గుండ్రటి గ్లోబు మీద రెండు ఊళ్ళ మధ్య దారం బిగించి పట్టుకుంటే వచ్చేది అతి తక్కువ దూరం. 2,550 అనేది అదే. కొందరు విమానాశ్రయం నుంచి కాకుండా ఊరి నడిబొడ్డు నుంచి కొలుస్తారు, అక్కడ కొన్ని కిలోమీటర్లు అటూ ఇటూ అవుతాయి. విమానం నిజంగా ఎగిరే దూరం ఇంకొంచెం ఎక్కువే. రన్‌వే ఏ దిక్కుకుంటే ఆ దిక్కుకి లేవాలి, తర్వాత మళ్ళాలి, నిర్ణయించిన వాయుమార్గాల్లోనే పోవాలి. ఎక్కడైనా 1,375 అని కనబడితే కంగారు పడొద్దు, అవి నాటికల్ మైళ్ళు. ఒక్కో నాటికల్ మైలుకి 1.852 కిలోమీటర్లు.

విమానంలో ఎంతసేపు కూర్చోవాలి?

నేరుగా వెళ్ళే విమానమైతే పోయేటప్పుడు 4 గంటల నుంచి 4 గంటల 20 నిమిషాలు. వచ్చేటప్పుడు సుమారు 3 గంటల 20 నుంచి 3 గంటల 45 నిమిషాలు. టికెట్‌లో రాసేది తలుపు మూసి కదిలినప్పటి నుంచి అక్కడ గేటు దగ్గర ఆగేదాకా. గాల్లో ఉండేది అందులో ఓ ఇరవై ముప్పై నిమిషాలు తక్కువే.

గంటకి 830 కిలోమీటర్ల వేగమైతే 2,550కి మూడు గంటల పైచిలుకే కదా అని లెక్క తీసేవాళ్ళుంటారు. మా బావ అలాగే లెక్కేసి నాతో వాదనకి దిగాడు. ఆ వేగం పదీ పదకొండు కిలోమీటర్ల ఎత్తుకి చేరాక వచ్చేది. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ అంత వేగం ఉండదు. దానికి ఎదురుగాలి, రన్‌వే దాకా నేల మీద విమానం నడక, దిగాక గేటు దాకా మళ్ళీ దాని నడక. ఇవన్నీ కలిపితే నాలుగు గంటలు తేలిగ్గా అవుతాయి.

టికెట్‌లో పోవడానికి రెండున్నర గంటలే, రావడానికి ఐదు గంటలు అని ఉందేంటి?

నాకు అందరికంటే ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. టికెట్ మీద బయల్దేరే టైము బయల్దేరే ఊరి గడియారం ప్రకారం, దిగే టైము దిగే ఊరి గడియారం ప్రకారం వేస్తారు. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక.

ఉదాహరణకి హైదరాబాద్‌లో ఉదయం 10:20కి బయల్దేరి, 4 గంటల 5 నిమిషాలు ప్రయాణం చేస్తే మన టైము ప్రకారం మధ్యాహ్నం 2:25. అప్పుడు దుబాయ్‌లో 12:55. చూడ్డానికి రెండున్నర గంటల్లో వెళ్ళిపోయినట్టు ఉంటుంది. తిరుగు ప్రయాణంలో దుబాయ్‌లో రాత్రి 9:55కి ఎక్కితే, 3 గంటల 40 నిమిషాల తర్వాత అక్కడ 1:35, ఇక్కడ 3:05. టికెట్ మీద ఐదు గంటల పది నిమిషాలు కనిపిస్తుంది.

ఒక చిట్కా: రానూపోనూ టికెట్ మీద కనిపించే రెండు తేడాలనీ కూడి సగం చేయండి. గంటన్నర ఒక పక్క తగ్గి ఇంకో పక్క పెరుగుతుంది కాబట్టి దానంతటదే కొట్టుకుపోతుంది. పై ఉదాహరణలో 2:35, 5:10 కలిపితే 7:45. సగం చేస్తే ఒక వైపు సగటున నాలుగు గంటలకి కాస్త తక్కువ.

గంటన్నర తేడా ఎందుకు? గంటో రెండు గంటలో ఉండొచ్చు కదా?

మన దేశపు గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద నడుస్తుంది. అది కాకినాడ దగ్గర్లోంచి పోతుందని బళ్ళో చదువుకున్నాం. దుబాయ్ గడియారం 60 డిగ్రీల రేఖాంశం మీద నడుస్తుంది. తేడా 22.5 డిగ్రీలు. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది కాబట్టి సరిగ్గా 90 నిమిషాలు. తమాషా ఏంటంటే హైదరాబాద్, దుబాయ్‌ల మధ్య అసలు రేఖాంశాల తేడా కూడా 23 డిగ్రీలే. సూర్యుడి లెక్కా గడియారం లెక్కా దాదాపు ఒకటే అయ్యాయి. ఎండాకాలానికి గడియారం జరపడం ఇక్కడా లేదు, అక్కడా లేదు. ఏడాదంతా ఇదే తేడా.

దారి ఒకటే కదా, పోయేటప్పుడు ఎక్కువసేపు ఎందుకు?

గాలి వల్ల. విమానాలు తిరిగే ఎత్తులో, ముఖ్యంగా చలికాలంలో, ఉత్తర భారతం మీదుగా పడమటి నుంచి తూర్పుకి బలమైన గాలి ప్రవాహం ఉంటుంది. దాన్నే జెట్ స్ట్రీమ్ అంటారు. దాని నడిమధ్య మన దారికి ఉత్తరంగా ఉన్నా అంచు ప్రభావం మనకీ తగులుతుంది. ఎదురుగాలి 80 కిలోమీటర్లు అనుకుందాం. 830 కాస్తా 750 అవుతుంది, 2,550 కిలోమీటర్లకి 3 గంటల 24 నిమిషాలు పడుతుంది. అదే గాలి వెనక నుంచి తోస్తే వేగం 910, ప్రయాణం 2 గంటల 48 నిమిషాలు. ముప్పై ఆరు నిమిషాల తేడా గాలిదే.

వానాకాలంలో కథ మారుతుంది. ఆ పడమటి గాలి బాగా ఉత్తరానికి జరిగిపోతుంది, దక్షిణ భారతం మీద చాలా ఎత్తున తూర్పు నుంచి పడమటికి వీచే మరో ప్రవాహం ఏర్పడుతుంది. దీన్ని ప్రపంచానికి వివరించింది మన తెలుగువారే. భారత వాతావరణ శాఖకి అధిపతిగా చేసిన పంచేటి కోటేశ్వరం గారు 1958లో దీని మీద రాసిన పరిశోధన పత్రాన్ని ఇప్పటికీ ప్రస్తావిస్తుంటారు. ఆ తూర్పు గాలి విమానాలు ఎగిరే ఎత్తుకి కాస్త పైనా, మన దారికి కాస్త దక్షిణంగానూ ఉంటుంది కాబట్టి పూర్తి లాభం దక్కదు. కానీ ఎదురుగాలి బెడద తగ్గి, రానూపోనూ తేడా కొంత సన్నబడుతుంది. జులైలో వెళ్ళినవాళ్ళు ‘ముందే దిగాం’ అంటే ఆశ్చర్యపోనక్కర్లేదు.

షార్జాకో అబుదాబికో టికెట్ చవగ్గా ఉంది. టైము కలిసొస్తుందా?

గాల్లో తేడా ఏమీ లేదు. హైదరాబాద్ నుంచి షార్జా సుమారు 2,535, అబుదాబి సుమారు 2,590 కిలోమీటర్లు. తేడా అంతా నేల మీదే. అబుదాబి విమానాశ్రయం నుంచి దుబాయ్ ఊళ్ళోకి రోడ్డు మీద 120 కిలోమీటర్ల దాకా ఉంటుంది, గంటన్నర వేసుకోండి. షార్జా దగ్గరే గానీ పొద్దున షార్జా నుంచి దుబాయ్ వైపు, సాయంత్రం దుబాయ్ నుంచి షార్జా వైపు ట్రాఫిక్ చూస్తే మన అమీర్‌పేటే నయం అనిపిస్తుంది. మీవాళ్ళు ఉండేది దుబాయ్‌లో షార్జాకి దగ్గరగా ఉండే దేరా, అల్ ఖుసైస్ వైపైతే నేను షార్జాకే ఓటేస్తాను. దూరంగా రెండో చివరనున్న జెబెల్ అలీ వైపైతే ఆ మిగిలిన డబ్బు టాక్సీకే పోతుంది.

ముంబైలో మారే టికెట్ తక్కువకి వస్తోంది. ఎంతసేపు పెరుగుతుంది?

దూరం పెద్దగా పెరగదు, ఎందుకంటే నేరుగా వెళ్ళే దారి ఎలాగూ ముంబై దగ్గర్లోంచే పోతుంది. పెరిగేది ఎదురుచూపు. రెండో విమానం కోసం ఆగే మూడు నాలుగు గంటలతో కలిపి మొత్తం ఎనిమిది గంటలు దాటుతుంది. ఒకే టికెట్ మీద రెండు విమానాలూ ఉంటే, మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోయినా వేరేదాంట్లో ఎక్కించే బాధ్యత వాళ్ళదే. రెండు విడి టికెట్లు కొంటే ఆ నష్టం మీదే. ముసలివాళ్ళని ఒంటరిగా పంపేటప్పుడు రెండు మూడు వేల కోసం ఈ పని చేయకండి.

మస్కట్, దోహా, కువైట్ ఎంత దూరం?

హైదరాబాద్ నుంచి మస్కట్ సుమారు 2,210, దోహా 2,910, కువైట్ 3,370, జెద్దా 4,140 కిలోమీటర్లు. ఒమన్ గడియారం దుబాయ్‌దే, మనకంటే గంటన్నర వెనక. ఖతార్, కువైట్, సౌదీ మాత్రం రెండున్నర గంటలు వెనక.

## తేదీ, టైము తికమకలు

15వ తేదీ రాత్రి 12:40కి ఫ్లైట్. ఏ రోజు బయల్దేరాలి?

14వ తేదీ సాయంత్రం. రాత్రి 12 దాటగానే తేదీ మారుతుంది, టికెట్ మీద 00:40 అని ఉంటుంది. ఈ దారిలో అర్ధరాత్రి, తెల్లవారుజాము విమానాలు బాగా ఎక్కువ కాబట్టి పొరపాట్లూ ఎక్కువే. మా చిన్నాయనకి నేనే ‘15 రాత్రి’ అని నోటితో చెప్పాను. ఆయన 15వ తేదీ రాత్రి సూట్‌కేసుతో శంషాబాద్‌లో దిగి, గేటు దగ్గర పోలీసు టికెట్ చూసి ‘ఇది నిన్నటిది పెద్దాయనా’ అంటే అక్కడి నుంచే నాకు ఫోన్ చేశాడు. కొత్త టికెట్ డబ్బులు నేనే పెట్టుకున్నాను. అప్పటి నుంచి తేదీ చెప్పను, ‘మంగళవారం సాయంత్రం నాలుగింటికి ఇంట్లో కారెక్కు’ అని చెబుతాను. మీరూ అలాగే చెప్పండి.

రాహుకాలంలో టేకాఫ్ ఉంటే ఎలా?

ఇది నిజంగానే అడుగుతారు. మా అమ్మ పద్ధతి చెబుతాను: లెక్క ఇంటి గడప దాటిన టైముకే, విమానం లేచిన టైముకి కాదు. మంచి టైములో ఒక సంచి పక్కింట్లో పెట్టిస్తుంది. టికెట్ మార్చుకునే రుసుముతో పోలిస్తే ఇది ఉచితం.

దిగిన రోజే డ్యూటీలో చేరొచ్చా?

పగటి విమానమైతే ఇబ్బంది లేదు, గంటన్నర తేడాకి ఒళ్ళు పెద్దగా తికమకపడదు. తెల్లవారుజామున 4 గంటల విమానం అయితే మాత్రం ముందు రోజు సాయంత్రం నుంచి కునుకు ఉండదు. అలసట గడియారం తేడాది కాదు, ఆ నిద్రలేమిది. ఎత్తు మీద పనిచేసేవాళ్ళు, బండి నడిపేవాళ్ళు ఒక రోజు చేతిలో పెట్టుకుని రండి.

## ఇంటి నుంచి విమానం ఎక్కేదాకా

జగిత్యాల నుంచి ఎన్ని గంటల ముందు బయల్దేరాలి?

విమానం టైము నుంచి తొమ్మిది గంటలు వెనక్కి లెక్కేయండి. రోడ్డు మీద ఐదు, విమానాశ్రయంలో మూడు, టైరు పంక్చరుకో టీ కోసమో ఒకటి. కరీంనగర్ వాళ్ళకి ఎనిమిది చాలు. రాజీవ్ రహదారి మీద వచ్చి శామీర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే ఊళ్ళోకి రాకుండానే శంషాబాద్ చేరొచ్చు. నిజామాబాద్ నుంచి వచ్చేవాళ్ళు మేడ్చల్ దగ్గర ఎక్కుతారు. చుట్టాలని సికింద్రాబాద్‌లో చూసి పోదాం అనే ఆలోచన వస్తే, దానికి ఇంకో రెండు గంటలు కలపండి. లేదా మానుకోండి.

నాలుగు గంటల ప్రయాణానికి మూడు గంటల ముందే ఎందుకు పోవాలి?

చెక్-ఇన్ కౌంటర్లు విమానానికి సుమారు గంట ముందు మూసేస్తారు, కొన్ని సంస్థలు ఇంకా ముందే. ఆ తర్వాత బతిమాలినా లాభం ఉండదు. సామాను లైన్, ఇమిగ్రేషన్ లైన్, భద్రతా తనిఖీ ఒక్కోటీ అరగంట తీసుకోవచ్చు, అర్ధరాత్రి గల్ఫ్ విమానాలన్నీ ఒకేసారి ఉంటాయి కాబట్టి రద్దీ అప్పుడే. ముఖం గుర్తుపట్టి లోపలికి వదిలే డిజియాత్ర దేశంలోపలి ప్రయాణాలకే, ఇక్కడ పనికిరాదు. దీనికి పనికొచ్చేది ఫాస్ట్ ట్రాక్ ఇమిగ్రేషన్ పథకం. హైదరాబాద్‌లో 2025 జనవరిలో మొదలైంది. ముందుగా ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసి వేలిముద్రలు ఇస్తే ఇమిగ్రేషన్ దగ్గర ఈ-గేటు లోంచి పోవచ్చు. ఏటా రెండు మూడు సార్లు తిరిగేవాళ్ళు తప్పకుండా చేయించుకోండి.

పాస్‌పోర్ట్‌లో ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) అని ఉంది. ఆపుతారా?

పని కోసం వెళ్తుంటే, ఎమిగ్రేషన్ క్లియరెన్స్ లేకపోతే ఆపుతారు. పదో తరగతి పాస్ కానివాళ్ళ పాస్‌పోర్ట్‌లకి సాధారణంగా ఈ ముద్ర ఉంటుంది, దుబాయ్ ఉన్న యూఏఈ ఈ అనుమతి కావలసిన దేశాల జాబితాలో ఉంది. ప్రభుత్వ వెబ్‌సైట్ ఇ-మైగ్రేట్ ద్వారా ఆ అనుమతి ముందే తీసుకోవాలి. ఏజెంటు ‘విజిట్ వీసా మీద పో, అక్కడ చూసుకుందాం’ అంటే నమ్మకండి. శంషాబాద్‌లో వెనక్కి తిప్పి పంపితే అది చిన్న నష్టం, అక్కడ దిగాక ఇరుక్కుంటే పెద్దది.

పచ్చళ్ళు, పిండివంటలు తీసుకుపోవచ్చా?

సకినాలు, గారెలు బేషుగ్గా తీసుకుపోవచ్చు. పచ్చడి సీసా గట్టిగా కట్టి పెద్ద సూట్‌కేసులో పెట్టండి, చేతిసంచిలో వద్దు. ఎండు కొబ్బరి సామానులో ఉంటే బయటకి తీయిస్తారు, దాని నూనెకి నిప్పంటుకునే గుణం ఉంది కాబట్టి. అన్నిటికంటే ముఖ్యం: గసగసాలు వద్దే వద్దు. యూఏఈలో అవి మత్తు పదార్థాల లెక్కలో నిషిద్ధం. మసాలా పొడిలో కలిపినా ప్రమాదమే. అత్తమ్మ ప్రేమగా కట్టిచ్చిన మసాలా పొట్లం విప్పి అడిగి మరీ చూడండి.

## గాల్లో

ఏ దారిలో పోతుంది? పాకిస్తాన్ మీదుగానా?

కాదు. హైదరాబాద్ నుంచి వాయవ్యంగా లేచి మహారాష్ట్ర దాటి, ముంబై దగ్గర్లో అరేబియా సముద్రం మీదకి వెళ్తుంది. ఆ తర్వాత దారిలో ఎక్కువ భాగం నీళ్ళే. ఒమన్ తీరం కనిపించిందంటే ఇక అరగంటే అనుకోండి. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని భారత విమాన సంస్థలకి మూసినప్పుడు ఢిల్లీ నుంచి పడమటికి పోయేవాటికి పడినంత దెబ్బ మన దారికి పడలేదు. గల్ఫ్‌లోనే ఉద్రిక్తత ఉంటే మాత్రం మన విమానాలూ చుట్టు తిరుగుతాయి, కొన్ని రద్దవుతాయి. అలాంటి రోజుల్లో ఇంటి నుంచి బయల్దేరే ముందు విమాన సంస్థ యాప్‌లో చూసుకోండి.

దిగే టైమైంది, విమానం గాల్లోనే గుండ్రంగా తిరుగుతోంది. ఏమన్నా సమస్యా?

టెన్షన్ పడకండి, అది లైన్‌లో నిలబడటమే. దుబాయ్ విమానాశ్రయం నుంచి 2024లో 9 కోట్ల 23 లక్షల మంది ప్రయాణించారు. ఉన్నవి రెండే రన్‌వేలు. రద్దీ వేళ వంతు వచ్చేదాకా పది, పదిహేను నిమిషాలు పైనే తిప్పుతారు. చలికాలం తెల్లవారుజామున పొగమంచు కమ్మితే ఇంకా ఎక్కువ. వాన అక్కడ అరుదే గానీ వస్తే కష్టమే: 2024 ఏప్రిల్ 16న విమానాశ్రయంలో ఒక్క రోజులో 142 మిల్లీమీటర్ల దాకా పడి రన్‌వేలు చెరువులయ్యాయి, వందల విమానాలు రద్దయ్యాయి. మా అన్నయ్య ఆ రెండు రోజులూ గదిలోంచి బయటికి రాలేదు.

షుగర్ మాత్ర ఏ టైముకి వేసుకోవాలి?

మాత్రలవాళ్ళకి గంటన్నర తేడా సాధారణంగా పెద్ద విషయం కాదు. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు మాత్రం బయల్దేరే ముందే డాక్టరుని అడిగి కాగితం మీద రాయించుకోండి. మందులు చేతిసంచిలోనే ఉండాలి, చీటీతో సహా. నొప్పులకీ దగ్గుకీ ఇక్కడ వాడే కొన్ని మందులకి అక్కడ ముందస్తు అనుమతి కావాలి, ముఖ్యంగా ట్రామడాల్, కోడీన్ ఉన్నవాటికి.

## దిగాక

విమానం దిగాక బయటికి రావడానికి ఎంతసేపు?

నడక, ఇమిగ్రేషన్, సామాను కలిపి గంట నుంచి గంటన్నర. ఎమిరేట్స్ అయితే టెర్మినల్ 3లో దిగుతారు, మిగతా సంస్థలవాళ్ళు టికెట్ మీద చూసుకోండి. తీసుకెళ్ళడానికి వచ్చేవాళ్ళకి టెర్మినల్ నంబరు ముందే చెప్పండి. టెర్మినల్ 2 రన్‌వేకి అవతలి పక్కన ఉంటుంది, తప్పు చోట నిలబడితే మళ్ళీ కారెక్కి చుట్టు తిరిగి రావాలి.

రాత్రి రెండింటికి దిగుతాం. మెట్రో ఉంటుందా?

ఉండదు. మెట్రో మామూలు రోజుల్లో ఉదయం 5కి మొదలై అర్ధరాత్రికి ఆగుతుంది, ఆదివారం ఉదయం 8కి గానీ మొదలవదు. రెడ్ లైన్ స్టేషన్లు టెర్మినల్ 1కీ 3కీ ఉన్నాయి, 2కి లేదు. ఆ వేళలో టాక్సీయే దిక్కు. లేదంటే లోపలే కూర్చుని తెల్లారేదాకా ఆగండి, ఏసీ ఎక్కువగా ఉంటుంది, దుప్పటి చేతిసంచిలో పెట్టుకోండి.

దుబాయ్ మీదుగా అమెరికా పోతున్నాం. మధ్యలో ఎంత టైము ఉండాలి?

ఒకే టికెట్ అయితే సామాను మీరు తీసుకోనక్కర్లేదు, భద్రతా తనిఖీ మాత్రం మళ్ళీ ఉంటుంది. గంటన్నరకే టికెట్ ఇస్తారు గానీ నేనైతే మూడు గంటలకి తక్కువ తీసుకోను. హైదరాబాద్ విమానం నలభై నిమిషాలు ఆలస్యమైతే ఆ గంటన్నరలో మిగిలేది పరుగే. అక్కడి నుంచి డల్లాస్‌కి ఇంకో 16 గంటల దాకా కూర్చోవాలి. మోకాళ్ళ నొప్పులున్న అమ్మానాన్నలకి వీల్‌చెయిర్ టికెట్‌తోపాటే అడిగి పెట్టండి.

తిరుగు ప్రయాణం తెల్లవారుజామున 3 గంటలకి దిగుతుంది. కారు ఎన్నింటికి రమ్మనాలి?

4:15కి. అప్పుడు బయటికి వస్తే జగిత్యాలకి తొమ్మిదికల్లా చేరొచ్చు. డ్రైవరుని రెండింటికే పిలిపిస్తే పార్కింగ్ డబ్బులూ పోతాయి, అతని నిద్రా పోతుంది. ఆ నిద్రలేని మనిషే మిమ్మల్ని నాలుగైదు గంటలు తీసుకురావాలి. అతన్ని దగ్గర్లో ఎక్కడన్నా పడుకోమని చెప్పి, విమానం దిగి ఫోన్ ఆన్ చేయగానే లేపండి.